రెండు క్యాన్సర్లు ఉన్న భర్తకు తోడు నిలవడం: తాడిపత్రి నుంచి అడిగిన ఒక ఇల్లాలికి జవాబు

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. తాడిపత్రిలో కిరాణా అంగడి నడిపే మీ వారికి 64 ఏళ్లు. మూత్రంలో నెత్తురు పడితే అనంతపురంలో చూపించారు. మూత్రాశయంలో ఉన్న గడ్డను మూత్రమార్గం గుండా గీకి తీశారు. అది తీవ్రమైన రకమే అయినా కండర పొర దాకా పోలేదని రిపోర్టు వచ్చింది కాబట్టి వారానికొకసారి బీసీజీ మందు (క్షయ టీకాలో వాడేదే) మూత్రాశయం లోపలికి ఎక్కిస్తున్నారు. ఈలోగా నెత్తురు పరీక్షలో పీఎస్ఏ (ప్రోస్టేటు నుంచి వచ్చే ఒక ప్రోటీను) ఎక్కువగా ఉందని బెంగళూరులో బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయిస్తే, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో మరో క్యాన్సరు బయటపడింది. అక్కడి డాక్టరు హార్మోన్ ఇంజెక్షన్ వేశారు, కొన్నాళ్లకు రేడియేషన్ పెడదామన్నారు. రెండింటిలో దేనికి ముందు వైద్యం చేయించాలి, మాటామంతీ తగ్గించి చీటికిమాటికి కసురుకుంటున్న మనిషితో ఎలా నెగ్గుకు రావాలి, పుణేలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకుకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని మీరు మూడు ప్రశ్నలు అడిగారు.

నేను కర్నూలు పెద్దాసుపత్రి యూరాలజీ (మూత్ర సంబంధ రోగాల) వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మందు మార్చమనడానికీ ఆపమనడానికీ నేను డాక్టరును కాను. ఇటువంటి రోగులనూ, అంతకంటే ఎక్కువగా వారి వెంట వచ్చే భార్యలనూ దగ్గర నుంచి చూసిన దానిగా, ఇంట్లో మీ చేతిలో ఉన్న పని గురించి మాత్రం చెప్పగలను.

ముందు మీ మనసులో ఉన్న ఒక భయాన్ని తీసివేయాలి. ఒక క్యాన్సరు పాకి రెండోదిగా మారిందేమోనని రాశారు. రెండు బయాప్సీ రిపోర్టులనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మూత్రాశయం రిపోర్టులో యూరోథీలియల్ కార్సినోమా అనీ, ప్రోస్టేట్ రిపోర్టులో అడినోకార్సినోమా అనీ ఉంటే అవి పుట్టుకతోనే వేరు. మొదటిది మూత్రాశయం లోపలి పొరలో పుట్టింది, రెండోది గ్రంథి కణాల్లో పుట్టింది. దీనికి వేసే మందు దానికి పనిచేయదు. మూత్రాశయం క్యాన్సరే పక్కనున్న ప్రోస్టేటులోకి చొచ్చుకుపోయే సందర్భాలు లేకపోలేదు గానీ, అప్పుడు ప్రోస్టేట్ ముక్కలో కూడా యూరోథీలియల్ అన్న మాటే కనిపిస్తుంది. వయసు మళ్లిన మగవారిలో ఈ రెండూ ఒకేసారి ఉండడం మీరు అనుకుంటున్నంత అరుదు కాదు. మూత్రాశయం క్యాన్సరు కోసం మూత్రాశయాన్నీ ప్రోస్టేటునూ కలిపి తీసివేసినప్పుడు, అంతవరకు ఎవరికీ అనుమానం లేని ప్రోస్టేట్ క్యాన్సరు ల్యాబులో బయటపడడం డాక్టర్లకు కొత్త కాదు.

రెండు జబ్బులకు రెండు ఊళ్లలో ఇద్దరు డాక్టర్లు ఉన్నప్పుడు, రెండు వైపులా జరుగుతున్నది పూర్తిగా చూసే మనిషి మీరొక్కరే. అనంతపురం డాక్టరుకు ఆయన మూత్రాశయం కనిపిస్తుంది, బెంగళూరు డాక్టరుకు ప్రోస్టేటు కనిపిస్తుంది, సాయంత్రం అయ్యేసరికి ఆయనకు ఎక్కడ మంట పుట్టిందో, ఎందుకు అన్నం సహించలేదో మీకు మాత్రమే తెలుస్తుంది. కాబట్టి ఏ బాధ వచ్చినా, ఏ పరీక్ష రాసినా, ఏ మాత్ర ఇచ్చినా, ఇది రెండింటిలో ఏ జబ్బుకు సంబంధించింది, రెండో జబ్బు వైద్యం మీద దీని ప్రభావం ఏమిటి అని అడగడం అలవాటు చేసుకోండి. నా దృష్టిలో మీరు ఆయనకు చేయగల అన్ని సేవల్లోకీ ఇదే పెద్దది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. తీవ్రమైన రకం మూత్రాశయం క్యాన్సరు త్వరగా తిరగబెట్టే, లోతుకు పోయే స్వభావం ఉన్నది. ప్రోస్టేట్ క్యాన్సరు చాలామందిలో నెమ్మదిగా నడుస్తుంది, పైగా హార్మోన్ ఇంజెక్షన్ దాన్ని కొంతకాలం అదుపులో ఉంచుతుంది. అందువల్ల సాధారణంగా మూత్రాశయం వైద్యమే ముందు నడుస్తుంది, కానీ గ్లీసన్ స్కోరు (ప్రోస్టేట్ క్యాన్సరు ఎంత తీవ్రమైనదో బయాప్సీలో చెప్పే అంకె), పీఎస్ఏ, ఎముకల స్కాను చూడకుండా ఎవరూ ఈ మాట ఖాయంగా చెప్పలేరు. నాకు మీ రాతలో కలవరం కలిగించింది రేడియేషన్ మాట. ప్రోస్టేటుకు పెట్టే రేడియేషన్ మూత్రాశయం అడుగు భాగానికీ ఎంతో కొంత తగులుతుంది. బీసీజీతో ఇప్పటికే మండుతున్న మూత్రాశయానికి అది మరింత బాధ తెచ్చిపెట్టవచ్చు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బీసీజీ పనిచేయక మూత్రాశయాన్ని తీయవలసి వస్తే, మగవారికి ఆ ఆపరేషన్‌లో ప్రోస్టేటును కూడా తీసేస్తారు. అంటే క్యాన్సరు ప్రోస్టేటు దాటి పోని పక్షంలో ఒక్క ఆపరేషన్‌తో రెండూ తీరే అవకాశం ఉంటుంది. రేడియేషన్ ముందే అయిపోయిన చోట ఆ ఆపరేషన్ కష్టమవుతుంది, పేగుతో కొత్త మూత్రాశయం కట్టే వీలు కూడా తగ్గుతుంది. కనుక రేడియేషన్ తేదీ పెట్టకముందే ఇద్దరు డాక్టర్ల ముందూ ఒకే ప్రశ్న ఉంచండి: "రేపు బీసీజీ పనిచేయకపోతే మూత్రాశయం తీయాల్సి వస్తుంది కదా, ఈ రేడియేషన్ దానికి అడ్డమవుతుందా?" ఒకరి జవాబును రాయించుకుని రెండోవారికి చూపించండి. ఇద్దరి మాటా కలవకపోతే యూరాలజీ, రేడియేషన్, మందుల విభాగాలు మూడూ ఒకే చోట కూర్చుని చర్చించే ఆసుపత్రికి ఒకసారి కాగితాలన్నీ తీసుకెళ్లడం మంచిది. మన వైపు వాళ్లు ఇందుకోసం బెంగళూరు కిద్వాయికీ, రాయవేలూరు సీఎంసీకీ, తిరుపతి స్విమ్స్‌కీ, కర్నూలు వైపు నుంచైతే హైదరాబాదుకూ వెళ్తుంటారు. అభిప్రాయం అడిగినంత మాత్రాన వైద్యం అక్కడికి మార్చాలని లేదు, మీ డాక్టరు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటమూ అక్కరలేదు.

ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టుకోండి. ఎడమ పుట మూత్రాశయానికి, కుడి పుట ప్రోస్టేటుకు. ఏ తేదీన బీసీజీ ఎక్కించారు, ఎన్నోది, ఆ రోజు జ్వరం ఎంత, సిస్టోస్కోపీలో (మూత్రాశయంలోకి గొట్టం వేసి చూసే పరీక్ష) ఏం కనిపించింది అన్నది ఒక వైపు రాయండి. ఇంజెక్షన్ పేరు, మోతాదు, మళ్లీ వేయవలసిన తేదీ, పీఎస్ఏ అంకె, రక్తంలో చక్కెర రెండో వైపు రాయండి. హార్మోన్ ఇంజెక్షన్ నెలకొకటా, మూడు నెలలకొకటా, ఆరు నెలలకొకటా అన్నది తయారీని బట్టి మారుతుంది, తేదీ జారిపోకూడదు. బీసీజీ మొదట వారానికొకటి చొప్పున 6 వారాలు ఇస్తారు, మంచి ఫలితం ఉంటే ఆ తర్వాత మూడేసి వారాల విడతలు ఒక ఏడాది నుంచి మూడేళ్ల దాకా సాగుతాయి. మొదటి రెండేళ్లు సుమారు మూడు నెలలకొకసారి గొట్టం వేసి చూస్తారు. ఈ లెక్క ముందే తెలిస్తే, ప్రతిసారీ "ఇంకా ఎన్నాళ్లు" అని ఆయన అడిగినప్పుడు మీరు తడబడరు.

పుస్తకం ఎందుకు ఇంత ముఖ్యమో పీఎస్ఏ సంగతి చూస్తే తెలుస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, గొట్టం వేసినా, సిస్టోస్కోపీ చేసినా పీఎస్ఏ పెరుగుతుంది. బీసీజీ వల్ల ప్రోస్టేటు వాచినా పెరుగుతుంది. గొట్టం వేసిన వారంలోనే నెత్తురు తీయించి, ఆ అంకె చూసి ప్రోస్టేట్ క్యాన్సరు ముదిరిందని ఇంటిల్లిపాదీ అన్నం మానేసిన కుటుంబాలను నేను చూశాను. ఏ తేదీల్లో ఏ పరీక్ష జరిగిందో బెంగళూరు డాక్టరు కళ్ల ముందు ఉంటే ఆయన ఆ అంకెకు ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయించుకుంటారు. పీఎస్ఏ ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. మరో ఉదాహరణ మాత్రలది. మూత్రం మంటగా ఉందని మందుల అంగడిలో అడిగితే సిప్రోఫ్లాక్సాసినో ఓఫ్లాక్సాసినో చేతిలో పెట్టడం మన ఊళ్లలో మామూలు. బీసీజీ అంటే క్షయ టీకాలో వాడే, బతికి ఉన్న, బలం తగ్గించిన సూక్ష్మజీవి. మూత్రాశయం క్యాన్సరుకు ఇది పనికొస్తుందని 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ అనే వైద్యుడు వెల్లడించాక ప్రపంచమంతా వాడుతున్నారు. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్ మాత్రలు ఈ బీసీజీ సూక్ష్మజీవిని కూడా దెబ్బతీసి మందు బలాన్ని తగ్గించగలవు. అందుకే యూరాలజీ డాక్టరును అడగకుండా ఒక్క యాంటీబయాటిక్ మాత్ర కూడా వేయించకండి. పల్లేరు కషాయమో, కొండపిండాకు రసమో తాగమనే బంధువులకు కూడా, వైద్యం నడుస్తున్నన్నాళ్లు డాక్టరును అడగనిదే ఏదీ ఇవ్వమని మెల్లగా చెప్పండి.

బీసీజీ రోజున మీకు పని ఎక్కువ. మందును బయట కొనుక్కురమ్మంటే అది 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు, ఎండ తగలకూడదు. మన అనంతపురం ఎండల్లో చేతిసంచిలో వేసుకుని ఆటోలో తీసుకెళ్తే చెడిపోతుంది కనుక మందుల అంగడివారినే చల్లటి పెట్టెలో పెట్టి ఇమ్మనండి. ఎక్కించడానికి నాలుగు గంటల ముందు నుంచి నీళ్లు, టీ తగ్గించమంటారు, ఎందుకంటే లోపలికి పోసిన మందును దాదాపు రెండు గంటలు ఆపుకోవాలి. ఎక్కించగానే తాడిపత్రి బస్సు ఎక్కవద్దు. ఆ రెండు గంటలూ అనంతపురంలోనే గడిపి, ఒకసారి మూత్రానికి వెళ్లి, ఆ తర్వాత బయలుదేరండి. మొదటి ఆరు గంటలు ఆయన కూర్చునే మూత్రం పోయాలి, తుంపరలు చిందకూడదు. ప్రతిసారీ మరుగుదొడ్డిలో రెండు కప్పుల ద్రవ బ్లీచ్ పోసి, 15–20 నిమిషాలు ఆగి, ఆపైన నీళ్లు కొట్టండి. మన ఇళ్లలో బాత్రూముకు వాడే యాసిడ్‌ను మాత్రం ఆ బ్లీచ్‌తో పొరపాటున కూడా కలపవద్దు, విషవాయువు పుడుతుంది. చేతులు, కింది భాగం సబ్బుతో కడుక్కోవాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. అంతే తప్ప ఆయన కంచం, మంచం వేరు చేయవలసిన అవసరం లేదు. క్యాన్సరు అంటుకునే జబ్బు కాదు. ఇంటికి చేరాక నీళ్లు, మజ్జిగ బాగా తాగించండి, గుండెకో మూత్రపిండాలకో సంబంధించి నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే తప్ప.

ఒకటి రెండు రోజులు మంట, మాటిమాటికీ మూత్రం, కొద్దిపాటి జ్వరం ఉండడం మామూలే. 101.3 డిగ్రీలు దాటినా, చలితో వణికినా, జ్వరం రెండు రోజులకు మించి ఉన్నా ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఊరుకోకండి, పెద్ద డాక్టరుకు ఫోను చేసి "బీసీజీ ఎక్కించుకున్న మనిషి" అన్న మాట మొదట చెప్పండి. ఆ ఒక్క మాట వింటే వాళ్లు చేసే పరీక్షలు, ఇచ్చే మందులు వేరుగా ఉంటాయి. అలాగే ఎక్కించే రోజు ఉదయం మూత్రంలో నెత్తురు కనిపించినా, జ్వరం ఉన్నా దాచిపెట్టవద్దు. త్వరగా ముగించేయాలన్న తొందరలో మగవాళ్లు దాస్తారు. ఆ పరిస్థితిలో మందు వేస్తే అది నెత్తురులోకి చేరే ప్రమాదం ఉంది, కాబట్టి డాక్టరు వాయిదా వేస్తారు, వారం వాయిదా పడితే కొంప మునగదు.

ఇప్పుడు ఆయన కోపం గురించి. మీరు దాన్ని ఆయన స్వభావం మారడంగా రాశారు. నేను అందులో కనీసం సగం ఇంజెక్షన్ ఖాతాలో వేస్తాను. ప్రోస్టేట్ క్యాన్సరు మగ హార్మోనును తిని పెరుగుతుంది, ఆ ఇంజెక్షన్ ఆ హార్మోనును దాదాపు ఆపేస్తుంది. దాంతో ఒంట్లో ఆవిర్లు లేస్తాయి, రాత్రి చెమటతో బనీను తడుస్తుంది, నిద్ర చెడుతుంది, కండ తగ్గి పొట్ట పెరుగుతుంది, నీరసం, చిరాకు, ఊరికే కళ్ల నీళ్లు రావడం కనిపిస్తాయి. అమ్మా, ముట్టు ఆగిన రోజుల్లో మీరు పడ్డ అవస్థే ఇది. ఆ అనుభవం మీకు ఉంది, ఆయనకు లేదు. "నాకూ అప్పట్లో ఇట్లే ఉండేది" అని మీరు ఒక్కసారి చెబితే, తనకేదో మతి చలించిందని లోలోపల భయపడుతున్న మనిషికి ఊరట దొరుకుతుంది. నూలు బట్టలు, తల దగ్గర తడి తువ్వాలు, రాత్రి కారం తగ్గించిన భోజనం కొంత పనిచేస్తాయి. మరీ ఎక్కువైతే దానికి మందులున్నాయి, డాక్టరును అడగండి.

ఇదే ఇంజెక్షన్ ఎముకలను కూడా పలచబరుస్తుంది. మన రాగి సంగటి ఇక్కడ అక్కరకు వస్తుంది, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పూటకు కొంచెం సంగటి, పెరుగు, ఆకుకూర ఉండనివ్వండి. విటమిన్ డి పరీక్ష చేయించండి. పొద్దున, సాయంత్రం నడిపించండి. ఎముకల స్కాను బాగుందని డాక్టరు చెబితే అంగడిలో చిన్నచిన్న బరువులు ఎత్తనివ్వండి, కండ నిలబడడానికి అది అవసరం. జొలెడ్రానిక్ ఆమ్లం అనే ఎముకల మందు రాస్తే, అది మొదలుపెట్టకముందే పుచ్చిన పళ్లు చూపించుకోవాలి.

దాంపత్యం గురించి మీరు అడగలేదు, అడగరు కూడా. వార్డులో నన్ను ఎవరూ పదిమందిలో అడిగేవారు కాదు, నీళ్ల కుళాయి దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు అడిగేవారు. ఆ ఇంజెక్షన్‌తో కోరిక తగ్గిపోతుంది. అది మందు చేసే పని, మీ మీద మనసు విరగడం కాదు. బీసీజీ వేసిన తర్వాత వారం రోజులు కలిస్తే కండోము వాడాలి. మాటిమాటికీ లేస్తున్నానని ఆయన వరండాలో పడుకోవడం మొదలుపెట్టి ఉంటే, మంచం పక్కన మూత్రం పట్టే సీసా పెట్టి గదిలోకే రమ్మనండి. వేరుగా పడుకోవడం తాత్కాలికమని మొదలై అలాగే స్థిరపడిపోవడం చాలా ఇళ్లలో చూశాను. ఖర్చు తగ్గుతుందని కొందరికి ఇంజెక్షన్లకు బదులు వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ సూచిస్తారు. హార్మోనును తగ్గించడంలో అది ఇంజెక్షన్లకు తీసిపోదు, కానీ వెనక్కి తీసుకోలేనిది. ఆ మాట వస్తే డబ్బు లెక్క మీరు చెప్పండి, నిర్ణయం మాత్రం ఆయనను తీసుకోనివ్వండి.

"నన్ను వదిలేయండి, ఇంక చాలు" అన్నారని రాశారు. అప్పుడు ధైర్యం చెప్పబోకండి, వాదించబోకండి. ఏది చాలు అని అడగండి. గొట్టమా, ప్రయాణమా, ఖర్చా, ఆవిర్లా? గొట్టం నొప్పి అయితే ముందుగా మత్తు జెల్లీ పెట్టి కాసేపు ఆగమని నర్సును అడగవచ్చు. ప్రయాణమైతే ఆ రాత్రి అనంతపురంలో బంధువుల ఇంట్లో ఉండిపోవచ్చు. ఖర్చయితే దానికో దారి ఉంది, కింద చెబుతాను. చాలామంది ఒక్కదానితో విసిగి మొత్తాన్ని వద్దంటారు. బతకడమే దండగ అని పదే పదే అంటున్నా, తిండి మానేసి గోడ వైపు తిరిగి పడుకుంటున్నా అది వేరే సంగతి, డాక్టరుకు చెప్పండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు మీరు కూడా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అంగడి మాన్పించకండి. పూట మాత్రమైనా గల్లాపెట్టె దగ్గర కూర్చోనివ్వండి, దగ్గరలో మరుగుదొడ్డి ఉంటే చాలు. పరామర్శకు వచ్చి "ఏ స్టేజీ అంట? ఫలానా వాళ్లకూ ఇట్లే వచ్చి..." అని మొదలుపెట్టేవారికి గుమ్మంలోనే "వైద్యం నడుస్తోంది, బాగానే ఉన్నారు, వేరే మాట మాట్లాడండి" అని చెప్పే హక్కు మీకుంది. బీడీ విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడను. మగవారి మూత్రాశయం క్యాన్సర్లలో సగం దాకా పొగ వల్ల వచ్చేవే. మాననివారికి గడ్డ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆయన అంగడిలోనే బీడీ కట్టలు అమ్ముతుంటారు కాబట్టి మాన్పించడం ఇంకా కష్టం. కుదిరితే ఆ సరుకు తెప్పించడమే ఆపేయండి.

మూత్రాశయం తీయాల్సి రావచ్చన్న మాట ఆయన చెవిన పడే ఉంటుంది, బహుశా ఆ భయమే ఆయనను మూగవాణ్ణి చేసింది. అవసరం రాకపోవచ్చు. వస్తే మాత్రం ముందుగా తెలిసి ఉండడం మేలు. ఎక్కువమందికి పేగు ముక్కతో దారి చేసి, పొట్ట మీద కుడివైపు చిన్న రంధ్రం పెట్టి, దానికి సంచి అంటిస్తారు. ఆ రంధ్రం ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే సిరాతో గుర్తు వేస్తారు. ఆ గుర్తు వేయించుకోవడానికి ఆయన రోజూ కట్టుకునే పంచెతోనో, వేసుకునే ప్యాంటుతోనో వెళ్లాలి. మొలతాడు ఎక్కడ పడుతుందో, పంచె ముడి ఎక్కడ వస్తుందో, అంగడిలో కింద కూర్చుంటే పొట్ట మడత ఎక్కడ పడుతుందో చూపించి, ఆ చోట్లు తప్పించమని అడగండి. ఈ చిన్న పని జరగకపోతే తర్వాత రోజూ సంచి ఊడుతుంది. సంచిని మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువెక్కితే జిగురు వదులుతుంది. సంచి మార్చడానికి తెల్లవారుజామున నీళ్లు తాగకముందు మంచి సమయం, అప్పుడు మూత్రం తక్కువగా కారుతుంది. చుట్టూ చర్మానికి కొబ్బరి నూనె రాయకండి, జిగురు పట్టదు. వేసవిలో చెమటకు త్వరగా వదులుతుంది కనుక ఒక సంచి అదనంగా జేబులో ఉండాలి, మిగిలినవి బండి డిక్కీలో పెట్టక ఇంట్లో చల్లటి చోట ఉంచండి. మూత్రంలో తెల్లటి జిగట పోగులు కనిపిస్తే భయపడవద్దు, అది పేగు స్వభావం. రంధ్రం ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సంచి మూసి ఉంటుంది, వాసన రాదు. గుడికి వెళ్లవచ్చా, మడికి పనికివస్తానా అని మగవాళ్లు అడుగుతారు, ముస్లిం సోదరులు నమాజు గురించి అడుగుతారు. మీ ఇంటి పెద్దలను, పూజారిని ముందే అడిగి పెట్టుకుంటే ఆయనకు ఆ సంకోచం ఉండదు.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆసుపత్రిలో డబ్బు కట్టకముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి రేషను కార్డు, ఆధారు, బయాప్సీ రిపోర్టు చూపించండి. ఏ చికిత్స పథకంలో ఉంది, బెంగళూరులో మీరు వెళ్తున్న ఆసుపత్రి జాబితాలో ఉందా అన్నది 104కు ఫోను చేసి అడగవచ్చు. కట్టేసిన తర్వాత వెనక్కి రాబట్టడం కష్టం. పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో యూరాలజీ విభాగం ఉంది, అక్కడ డబ్బు తీసుకోరు. ఏయే ఆపరేషన్లు చేస్తారో ముందుగా కనుక్కుని వెళ్లండి.

అర్ధరాత్రి అయినా ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నెత్తురు గడ్డలు అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగి పొత్తికడుపు ఉబ్బితే వెంటనే 108ని పిలవండి, గొట్టం వేసి కడగాలి. అది మూత్రాశయం తాలూకు అత్యవసరం. నడుమునొప్పి కొత్తగా వచ్చి, దాంతోపాటు కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా అది ప్రోస్టేట్ క్యాన్సరు వెన్నుపామును నొక్కుతున్న సూచన కావచ్చు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి, తెల్లారాక చూద్దామనుకుంటే కాళ్లు మళ్లీ రాకపోవచ్చు. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి. ఈ మూడింటినీ నోటు పుస్తకం అట్ట లోపల రాసి ఉంచండి, మీరు ఇంట్లో లేనప్పుడు పక్కింటివారికైనా తెలుస్తుంది.

మీ బీపీ మాత్రలు మీరు వేళకు వేసుకోండి. వారంలో ఒక పూట మీ చెల్లెలినో, వదిననో ఇంట్లో ఉంచి బయటికి వెళ్లండి. ఇది ఆయన ముందే చెప్పి వెళ్లండి, దొంగతనంగా కాదు.

ఇక మీ అబ్బాయికి చెప్పాలా వద్దా అన్నది. ఆయన వద్దంటున్నారు, మీరు నలుగుతున్నారు. నా అభిప్రాయం చెప్పాలనే. అయితే ఆయన వెనక నుంచి చెప్పవద్దు. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా" అని ఆయనకే వదిలి, ఒక తేదీ పెట్టండి. ఇందులో మీ ఇద్దరి భారం పంచుకోవడం ఒక్కటే లేదు. తండ్రికి ప్రోస్టేట్ క్యాన్సరు ఉంటే కొడుకులకు, అన్నదమ్ములకు ముప్పు మామూలు కంటే ఎక్కువ. మీ అబ్బాయి 45 ఏళ్లు వచ్చేసరికి పీఎస్ఏ గురించి డాక్టరుతో మాట్లాడాలి. మీ వారి అన్నదమ్ములు ఇప్పుడే మాట్లాడాలి. వారి వంశంలో రొమ్ము, అండాశయం, పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు ఎవరికైనా వచ్చి ఉంటే ఆ పేర్లు, వచ్చిన వయసు రాసి బెంగళూరు డాక్టరుకు చూపించండి, జన్యు పరీక్ష అవసరమో కాదో వారు చెబుతారు. ఆ వివరాలు మీ అత్తగారి తరం వాళ్లకే తెలిసి ఉంటాయి కాబట్టి, ఈసారి ఊరికి వెళ్లినప్పుడే అడిగి రాసుకోండి.